మిద్దె పడగొడితే వచ్చే మట్టి, స్లాబు పగలగొడితే వచ్చే కంకర

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మా తాతగారు కట్టిన మట్టిమిద్దెను పడగొట్టి, అదే స్థలంలో స్లాబు ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాము. జేసీబీతో ఒక్క రోజులో నేలమట్టం చేసి, మట్టినంతా హంద్రీ ఒడ్డున పోసి వస్తామని ట్రాక్టర్లవారు చెబుతున్నారు. దీనికి అనుమతి ఏదైనా తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు హంద్రీ సంగతి చెప్పాలి. అక్కడ పోయడానికి దయచేసి ఒప్పుకోకండి. 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీ పొంగి ఊరిని ముంచినప్పటి నీటి చార మీ మిద్దె గోడ మీదే ఇంకా ఉండవచ్చు. ఏటిలో పోసే ప్రతి ట్రాలీ మట్టీ నీరు పారవలసిన చోటును ఆక్రమిస్తుంది. చోటు దొరకని నీరు మళ్లీ వీధుల్లోకే వస్తుంది.

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్చి 29న తొలిసారిగా ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. శిథిలాలను వేరుచేయడం, రాకపోకలకూ మురుగు కాలువలకూ అడ్డం కాకుండా సొంత ఆవరణలోనే ఉంచుకోవడం, స్థానిక సంస్థ చూపిన చోటికే చేర్చడం యజమాని బాధ్యత అని అవి చెప్పాయి. రోజుకు 20 టన్నులు గాని, ఒక పనిలో నెలకు 300 టన్నులు గాని దాటితే, పని మొదలుపెట్టకముందే వ్యర్థాల ప్రణాళికను సమర్పించి ఆమోదం పొందాలని కూడా చెప్పాయి. ఈ లెక్క అపార్ట్‌మెంట్లవారికే అనుకోవద్దు. రెండడుగుల మందం, పదడుగుల ఎత్తు ఉన్న రాతి గోడలు మొత్తం 120 అడుగుల పొడవుంటే 2,400 ఘనపుటడుగులు అవుతాయి. బరువు నూరు టన్నులు దాటుతుంది. ట్రాలీకి మూడు టన్నుల చొప్పున చూసినా ఏడో ట్రిప్పుతోనే ఆ రోజు హద్దు దాటినట్టే. 2016 నిబంధనల స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టి, 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే నిర్మాణాలు చేపట్టేవారిపై పునర్వినియోగ లక్ష్యాలను కూడా మోపాయి. మీ ఇల్లు అంత పెద్దది కాకపోయినా, ప్లాను అనుమతికి వెళ్లినప్పుడే కూల్చివేత సంగతిని కార్పొరేషన్ పట్టణ ప్రణాళిక విభాగానికి రాతపూర్వకంగా తెలిపి, మట్టి ఎక్కడ పోయాలో కూడా రాతలోనే తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కూల్చే వరుస. మిద్దెలో చెత్త అనదగినది నిజానికి చాలా తక్కువ. జేసీబీ అన్నిటినీ ఒక్కటిగా కలిపేయడం వల్లనే అదంతా చెత్త అవుతుంది. ముందుగా పైకప్పు మీది చవుడు మట్టిని పారతో తీయించి విడిగా కుప్ప వేయించండి. వాన నీటిని కిందికి దిగనివ్వదనే పెద్దలు దానిని మిద్దె మీద పోసేవారు. ఆ గుణం వల్లనే అది పెరటి మొక్కలకు గాని, పొలానికి గాని పనికిరాదు. తరువాత దంతెలు, దూలాలు, ద్వారబంధాలు దింపించండి. టేకువైతే వాటిని కొనేవారు ఇంటికే వస్తారు. నేల మీద బేతంచెర్ల బండలుంటే గడ్డపారతో అంచు నుంచి మెల్లగా లేపించండి, సగానికి పైగా పగలకుండా వస్తాయని నా నమ్మకం. గోడ రాళ్లు కొత్త పునాదిలోకి పోతాయి. ఇంతా తీశాక మిగిలే గోడ మట్టికి ఏడెనిమిది ట్రిప్పులకు మించి అవసరం ఉండకపోవచ్చు. వసారాకు పాత సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి నిండు రేకులుగానే దింపించి, మిగతా వాటితో కలపకుండా పెట్టించండి.

ప్రశ్న: పాత స్లాబును పగలగొట్టగా వచ్చిన ముక్కలను కొట్టి, కొత్త స్లాబులో కంకరగా వేయవచ్చునని మా మేస్త్రి అంటున్నారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: స్లాబులో వేయించకండమ్మా. భారతీయ ప్రమాణం ఐఎస్ 383 తన 2016 సవరణలో పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను అంగీకరించిన మాట నిజమే. అయితే ఇనుము వేసే కాంక్రీటులో ఎం25 (‘ఎం’ పక్కన ఉండే అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది) వరకు 20 శాతం, ఇనుము లేనిదానిలో 25 శాతం మాత్రమే కలపవచ్చునని హద్దు పెట్టింది. అది కూడా యంత్రంలో నలిపి, ఇనుము ఏరి, జల్లించి, పరీక్షించిన కంకర గురించి చెప్పిన మాట. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలలో ఈ పని జరుగుతుంది. సమ్మెటతో కొట్టిన ముక్కకు పాత సిమెంటు పొర అంటుకొని ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది, మేస్త్రి వేసిన నీటి లెక్క తప్పుతుంది. ఎం15 కన్నా తక్కువ బలం గల కాంక్రీటులో మాత్రం నూటికి నూరు పాళ్లూ వాడవచ్చునని అదే ప్రమాణం చెబుతోంది. కాబట్టి గచ్చు కింద వేసే బెడ్‌కూ, వాకిలి నింపుడుకూ ఆ ముక్కలను నిశ్చింతగా వాడుకోండి. చువ్వలను విడిగా తీసి తూకానికి అమ్మండి. వంకరలు సాగదీసి కొత్త స్లాబులో వేయడానికి మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: ఎదురింటివారు శిథిలాలను వీధి కాలువ మీదే పోసి నెల దాటింది. ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. కుప్ప, కాలువ రెండూ కనిపించేలా తీసిన ఫొటోను జతచేయండి. బుగ్గవంక పొంగిన సంవత్సరాలు మీకు తెలిసినవే కనుక, వానలు మొదలయ్యేలోగా తీయించాలని ఆ కాగితంలో తప్పక రాయండి.