‘లెక్కగడుతుంది’ అన్న మాట కొట్టెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

గుడ్లగూబ వినికిడి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాషకు వంక పెట్టను. కానీ రెండో పేజీలో ‘రెండు చెవులకూ అందిన శబ్దాల తేడాను గుడ్లగూబ మెదడు క్షణంలో లెక్కగడుతుంది’ అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. ఆ లెక్క ఎలా జరుగుతుందో తెలుసుకుందామనే కదా నేను చదవడానికి కూర్చున్నది! గుమ్మం దాకా పిలిచి తలుపు వేసినట్టుంది.

చీకట్లో కుడిపక్కన ఎలుక కదిలిందనుకో. చప్పుడు ముందు కుడిచెవికి, ఆ తర్వాత ఎడమచెవికి చేరుతుంది. మధ్య ఎడం మహా అయితే సెకనులో 5,000వ వంతుకు కాస్త అటూ ఇటూ. మెదడు కాండంలో న్యూక్లియస్ లామినారిస్ అనే చోటికి రెండు చెవుల వైపు నుంచీ నాడీ తంతువులు ఎదురెదురుగా వస్తాయి. దారి పొడవునా నాడీకణాలు ఉంటాయి. రెండు సంకేతాలూ ఒకేసారి తగిలిన కణం అన్నిటికన్నా గట్టిగా స్పందిస్తుంది. కుడిచెవి సంకేతం ముందే బయలుదేరింది కనుక ఎక్కువ దూరం వచ్చేసి, రెండోదాన్ని అది లోపలికి అడుగుపెట్టే చోటికి దగ్గరలోనే కలుస్తుంది. ఎక్కడ కలిశాయో చూస్తే చప్పుడు ఏ పక్కనుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఇందులో కూడికా లేదు, తీసివేతా లేదు. ఇలాంటి అమరిక ఉండవచ్చని 1948లో లాయిడ్ జెఫ్రెస్ ఊహించాడు. దశాబ్దాల తర్వాత కేథరీన్ కార్, మసకాజు కొనిషి గుడ్లగూబలో దాన్ని చూపించారు. పేర్లు ఆ మాత్రం చాలు. నీ మొదటి పేరాలో ఐదుగురు శాస్త్రవేత్తలున్నారు, ఎలుక మాత్రం లేదు.

చప్పుడు పైనుంచి వచ్చిందా, కిందినుంచి వచ్చిందా అన్న సంగతి నువ్వు ఎత్తనేలేదు. బార్న్ ఔల్ అనే రకం గుడ్లగూబకు రెండు చెవులూ ఒకే మట్టంలో ఉండవు (అన్ని గుడ్లగూబలకూ దీన్ని అంటగట్టకు). ఎడమచెవి కాస్త పైన ఉండి కిందికి తిరిగి ఉంటుంది, కుడిది పైకి. అందుకే కింది చప్పుడు ఎడమచెవికి బిగ్గరగా వినబడుతుంది. ఈ బిగ్గరతనం సమాచారం మెదడు కాండంలోనే న్యూక్లియస్ ఆంగ్యులారిస్ అనే చోటి మీదుగా వెళుతుంది. సమయం సమాచారానిది న్యూక్లియస్ మాగ్నోసెల్యులారిస్ అనే మరో చోటి మీదుగా, ఇందాకటి లామినారిస్‌కు చేరే వేరే దారి. 1984లో తకహాషి, మోయిసెఫ్, కొనిషి వీటిలో ఒకదానికి మత్తుమందు ఇచ్చి చూశారు. మాగ్నోసెల్యులారిస్ మొద్దుబారితే, పైన మధ్యమెదడులోని కణాలు సమయం తేడాను గుర్తించలేకపోయాయి, బిగ్గరతనం తేడాను మాత్రం ఎప్పటిలాగే పట్టుకున్నాయి. ఆంగ్యులారిస్‌కు ఇస్తే సరిగ్గా తలకిందులైంది. నేనైతే వ్యాసమంతా ఈ ప్రయోగం చుట్టూనే అల్లేవాణ్ణి.

రెండు దారులూ మధ్యమెదడులో కలుస్తాయి. అక్కడ ఒక్కో కణం బయటి లోకంలోని ఒక్కో దిక్కుకు పలుకుతుంది. దీనికి రెండు వాక్యాలు కేటాయించు, చాలు.

‘అద్భుతం’ అన్న మాట ఏడుచోట్ల ఉంది. అన్నీ తీసెయ్యి. తిరగరాసినప్పుడు ఎలుక మొదటి వాక్యంలోనే కదలాలి. వచ్చే వారానికల్లా పంపు.