డ్రాపర్ పోస్ట్ మాటిమాటికీ పాడవుతుంటే: బ్రాండ్ కంటే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మొదటి డ్రాపర్ పోస్ట్ (హ్యాండిల్ దగ్గరి లివర్ నొక్కితే మౌంటెన్ బైక్ సీటును పైకీ కిందికీ కదిలించే సీటు గొట్టం) ఏడాది తిరక్కుండానే, కూర్చుంటే కొంచెం కొంచెంగా కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. దాని బదులు వేసిన రెండోది లివర్ నొక్కితే సగం దాకా లేచి ఆగిపోతోంది. పోస్ట్ దిగే ఫ్రేమ్ గొట్టం (సీట్ ట్యూబ్) లోపలి వ్యాసం 31.6 మిల్లీమీటర్లు. మూడోది కొనేముందు నమ్మకమైన బ్రాండ్ ఏదో చెప్పమన్నారు.

బ్రాండ్ల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక మాట: మీ రెండు పోస్టులకు వచ్చినవి వేర్వేరు జబ్బులు. మొదటిది లోపలి సీళ్లకు సంబంధించింది. రెండోది చాలావరకు పోస్ట్ తప్పే కాదు. అందుకని దాన్ని పారేయకండి, ముందు అరగంట దాని మీద పెట్టండి.

సీట్ క్లాంప్ (పోస్ట్‌ను ఫ్రేమ్‌లో పట్టి ఉంచే పట్టీ) బోల్ట్ పావు చుట్టు వదులు చేసి లివర్ నొక్కి చూడండి. డ్రాపర్ పోస్ట్ బయటి గొట్టం పలచగా ఉంటుంది. క్లాంప్‌ను బలం కొద్దీ బిగిస్తే ఆ గొట్టం నొక్కుకుపోయి లోపలి బుషింగులు (గొట్టం నున్నగా జారేలా చేసే పలచని తొడుగులు) కదిలే గొట్టాన్ని పట్టేస్తాయి. నాతో రైడ్‌కు వచ్చే స్నేహితుడి సైకిల్‌కు సరిగ్గా ఇదే. షాపువాళ్లు కార్ట్రిడ్జ్ (లోపల సీటును లేపే గ్యాస్ గొట్టం) పోయిందని చెప్పి పంపారు. బోల్ట్ కాస్త వదిలాం, సీటు టక్కున పైకొచ్చింది. వదులు చేస్తే పోస్ట్ ఫ్రేమ్‌లోకి జారుతోందా? అప్పుడు బిగువు పెంచడం కాదు, కార్బన్ ఫ్రేములకు వాడే గరుకు పేస్ట్ ఉంటుంది, అది పూయండి. అల్యూమినియం ఫ్రేమ్‌లోనూ బాగా పనిచేస్తుంది. చాలా క్లాంపుల మీద 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది. టార్క్ రెంచ్ ఉంటే ఆ పరిమితిలో, జారకుండా ఎంత తక్కువతో నిలిస్తే అంతే చాలు.

క్లాంప్ వదిలినా మార్పు లేకపోతే కేబుల్‌ను అనుమానించాలి. పోస్ట్‌ను ఫ్రేమ్ నుంచి పైకి లాగి, అడుగున కేబుల్ తగిలించే చోట దాన్ని విడదీయండి. ఆ చిన్న మీటను వేలితోనో అలెన్ కీతోనో నొక్కండి. కేబుల్ లేనప్పుడు సీటు హాయిగా లేస్తోందంటే పోస్ట్ ఆరోగ్యంగానే ఉంది, జబ్బంతా హౌసింగ్‌లో, అంటే కేబుల్ పై తొడుగులో ఉంది. నాకు తెలిసిన డ్రాపర్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. హౌసింగ్ కొస నలిగి ఉంటుంది, లేదా లోపలి ప్లాస్టిక్ గొట్టం కోసినప్పుడు మూసుకుపోయి ఉంటుంది (సూదితో తెరవాలి), లేదా ఫ్రేమ్ అడుగున మరీ చిన్న మలుపు తిరిగి ఉంటుంది. గేర్ హౌసింగే వాడాలి, బ్రేకుది వద్దు. గేర్ హౌసింగ్‌లో తీగలు నిలువుగా ఉంటాయి, నొక్కినా దాని పొడవు పెద్దగా మారదు. ఇంకో పరీక్ష: హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. తిప్పినప్పుడు సీటు దానంతటదే కదిలినా, లాక్ వదిలేసినా హౌసింగ్ పొట్టిగా ఉందన్నమాట. ఎంత మంచి పోస్ట్ వేసినా ఈ లోపం అలాగే ఉంటుంది.

ఇక మొదటి పోస్ట్. కూర్చుంటే దిగిపోయేది, కొందరు మెత్తబడింది అంటారు. చాలా డ్రాపర్లలో సీటును ఒక ఎత్తులో నిలబెట్టేది నూనె. నూనె ఒత్తిడికి కుదించుకోదు కాబట్టి వాల్వ్ మూసుకోగానే సీటు రాయిలా ఆగిపోతుంది. పైకి లేపేది మాత్రం గాలి, లేదా నైట్రోజన్. ఈ రెంటి మధ్య సీళ్లుంటాయి. సీళ్లు అరిగి గాలి నూనెలోకి దూరితే, అది కుదించుకుంటుంది గనక కూర్చోగానే సీటు కొంత దిగి, లేవగానే మళ్లీ పైకొస్తుంది. అలవాట్ల వల్ల కూడా ఇది తొందరగా వస్తుంది. సీటు కిందికి దించి ఉన్నప్పుడు సైకిల్‌ను సీటు పట్టుకుని ఎత్తడం, సీటుకే వేలాడదీయడం లాంటివి. సైకిల్ బరువంతా పోస్ట్‌ను సాగదీస్తుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, గాలి దారి చూసుకుంటుంది. కారు ర్యాక్ మీదికి ఎత్తేటప్పుడు చాలామంది చేసేది ఇదే. సీటు పైకి పెట్టి ఎత్తండి, లేదా ఫ్రేమ్ పట్టుకోండి.

ఈ జబ్బుకు కంపెనీలు మూడు దారులు పట్టాయి. ఒకటి, లోపల చేరిన గాలిని బయటికి పంపే ఏర్పాటు పెట్టడం. బైక్‌యోక్ కంపెనీ రివైవ్ పోస్ట్‌లో, సీటును పట్టి ఉంచే తలభాగం దగ్గర ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. అలెన్ కీ పెట్టి తెరిచి సీటును కిందికి నొక్కితే గాలి తిరిగి తన చోటికి వెళ్తుంది, పోస్ట్ గట్టిపడుతుంది. దారి మధ్యలోనే చేసుకోవచ్చు. రాక్‌షాక్స్ కూడా రివర్బ్ తర్వాతి తరాల్లో ఇలాంటి వెంట్ వాల్వ్ తెచ్చింది. రెండో దారి, నూనె, గాలి అన్నీ మూసేసిన కార్ట్రిడ్జ్‌గా చేసి పోస్ట్‌లో పెట్టడం. ఆఫీసు కుర్చీ కింద ఉండే గ్యాస్ గొట్టానికి ఇది చుట్టమే. మధ్యస్థ ధరలో దొరికే పోస్టుల్లో చాలావరకు ఇవే. పోయిందంటే బాగుచేయలేం, కానీ పాతది తీసి కొత్తది బిగించుకోవచ్చు. మూడోది, నూనె జోలికే పోకుండా పిన్నులు, రంధ్రాలు, స్ప్రింగులతో నడిచేది. గ్రావిటీ డ్రాపర్ ఈ పద్ధతిలో పేరు తెచ్చుకుంది. చూడ్డానికి పాతకాలపుదిలా ఉన్నా మొండిది. కాకపోతే సీటు అది చెప్పిన ఎత్తుల్లోనే ఆగుతుంది, మనం అనుకున్న చోట కాదు.

అసలు ఈ ఆలోచనే పాతది. 1980లలోనే, మౌంటెన్ బైక్ తొలి తయారీదారుల్లో ఒకరైన జో బ్రీజ్, జాష్ ఏంజెల్ కలిసి హైట్‌రైట్ అనే స్ప్రింగ్ తయారు చేశారు. క్విక్ రిలీజ్ (చేత్తో వదులు చేసే క్లాంప్ మీట) వదిలి సీటు మీద కూర్చుంటే దిగేది, లేస్తే స్ప్రింగ్ పైకి తెచ్చేది. అందులో నూనె లేదు, సీలు లేదు, మెత్తబడే గొడవా లేదు.

నేను రెండో రకం వాడుతున్నాను, కార్ట్రిడ్జ్‌ది. దీని ముందు నా దగ్గర ఉన్నది ఖరీదైనదే, చేతికి బాగుండేది. కానీ మెత్తబడినప్పుడు తెరవడానికి ప్రత్యేక పనిముట్లు, నైట్రోజన్ కావాలన్నారు. సర్వీస్‌కు పంపితే వారాలకు వారాలు సైకిల్ గోడకు ఆనించి ఉండేది. తిరిగొచ్చాక ఆ సీజన్ గడవకుండానే మళ్లీ అదే. ఇప్పటిదానికి కార్ట్రిడ్జ్ ఒకసారి మార్చాను. అలెన్ కీలు, ఒక రెంచ్, గ్రీజు, పాత గుడ్డ, ఇంట్లోనే అయిపోయింది. అప్పట్నుంచి డ్రాపర్ గురించి టెన్షన్ లేదు. అందుకే నా లెక్కలో నమ్మకమైన పోస్ట్ అంటే ఎప్పటికీ పాడవ్వనిది కాదు, అలాంటిది లేదు. పాడైనప్పుడు నేనే విప్పి, విడిభాగం వేసి, వారాంతానికి రైడ్‌కు సిద్ధం చేసుకోగలిగినది.

కాబట్టి కొనేముందు తయారీదారు సైట్‌లో విడిభాగాల పేజీ తెరవండి. కార్ట్రిడ్జ్ విడిగా అమ్ముతున్నారా? బుషింగులు, దుమ్ము ఆపే వైపర్ సీలు, సీటు పక్కకు తిరగకుండా ఆపే చిన్న ఇత్తడి కీలు దొరుకుతాయా? విప్పే పద్ధతి బొమ్మలతో సహా అందరికీ కనిపించేలా పెట్టారా, లేక సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి అని ఒక్క ముక్కలో తేల్చేశారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చూస్తే చాలు, సగం మోడళ్లు వాటంతటవే జాబితాలోంచి పోతాయి. వన్‌అప్, పీఎన్‌డబ్ల్యూ కంపెనీలు ఈ విషయంలో బాగుంటాయి. పైగా వన్‌అప్ వీ2, పీఎన్‌డబ్ల్యూ లోమ్ లాంటి వాటిలో ట్రావెల్‌ను, అంటే సీటు పైకీ కిందికీ కదిలే దూరాన్ని, కొంత తగ్గించుకునే వీలు కూడా ఉంది. సైజు అంచున ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట. మీరు విప్పుకోవడానికి ఇష్టపడరు, దారిలో మెత్తబడితే సర్దుకుంటే చాలు అనుకుంటే బైక్‌యోక్ వైపు చూడండి.

సైజు దగ్గర కాస్త ఓపిక పట్టండి. రెండు కొలతలు కావాలి. ఒకటి పైభాగానిది: మీరు తొక్కే ఎత్తులో సీటు పెట్టి, సీట్ క్లాంప్ పై అంచు నుంచి సీటు రైళ్ల (సీటు కింద ఉండే రెండు కడ్డీల) మధ్య వరకు ఎంతుందో కొలవండి. రెండోది లోపలిది: సీట్ ట్యూబ్‌లోకి పోస్ట్ ఎంత లోతు వెళ్తుందో చూడాలి. పాత మామూలు (డ్రాపర్ కాని) పోస్ట్ గానీ అదే మందం గొట్టం గానీ దింపి, ఎక్కడ తగులుతుందో గుర్తు పెట్టండి. బాటిల్ బోల్టులు, సస్పెన్షన్ పివట్, ట్యూబ్ వంపు, వీటిలో ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఇప్పుడు తయారీదారు ఇచ్చిన డ్రాయింగ్‌లో, పోస్ట్ పూర్తిగా లేచినప్పుడు కాలర్ (బయటి గొట్టం పై కొసన ఉండే మూత లాంటి కట్టు) అడుగు నుంచి రైళ్ల వరకు ఎంత ఉందో మొదటి కొలతతో, కాలర్ కింద మిగిలే పొడవును అడుగున ఉన్న కేబుల్ మీటతో సహా రెండో కొలతతో పోల్చండి. ఉదాహరణకు మీ మొదటి కొలత 230 మిల్లీమీటర్లు, 180 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న ఒక పోస్ట్‌కు ఆ ఎత్తు 220 అనుకుందాం. పైన సరిపోయింది, పది మిల్లీమీటర్ల పోస్ట్ ఫ్రేమ్ బయట కనిపిస్తుంది, అంతే. కానీ అదే పోస్ట్‌కు కాలర్ కింద 270 ఉండి, మీ ట్యూబ్‌లో 240 మాత్రమే దిగుతుందంటే పని జరగదు. 10 బయట పెట్టినా ఇంకా 20 మిగిలిపోతుంది. ఒక సైజు తగ్గించండి. కేబుల్ మలుపుకు కాస్త ఖాళీ కూడా వదలాలి. అడుగున కేబుల్ ఇరుక్కుపోతే, మీరు ఇప్పుడు పడుతున్న సగంలో ఆగిపోయే బాధే మళ్లీ మొదలవుతుంది.

ట్రావెల్ ఎక్కువైతే మంచిదే, దిగుడులో ఒంటికి చోటు దొరుకుతుంది. అయితే లోపలి బుషింగుల మీద భారం కూడా పెరుగుతుంది. బరువున్నవాళ్లు పట్టినంతలో పొడవైనదాని వెంట పడకుండా బుషింగుల మధ్య దూరం బాగా ఉన్న మోడల్ చూసుకుంటే మేలు. మీది 31.6 కావడం అదృష్టం, ఆ సైజులో దాదాపు అందరూ చేస్తారు. నచ్చినది 30.9లో మాత్రమే ఉంటే పలచని షిమ్ (సందు పూడ్చే తొడుగు) వేసి వాడుకోవచ్చు. 27.2 వాళ్ల బాధ వేరు, అక్కడ గొట్టం సన్నం, ఎంపికలు తక్కువ.

సీటు ముక్కు పట్టుకుని పక్కలకు కదిపితే కొంచెం ఊగుతుంది. అది చూసి కంగారు పడకండి, కొత్తవాటిలోనూ ఉంటుంది. తొక్కేటప్పుడు తెలియదు. బాగా పెరిగితే ఇత్తడి కీలు ఒక సైజు పెద్దవి వేస్తే తగ్గిపోతుంది. ముందుకీ వెనక్కీ టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం బుషింగులు చూడాలి.

లివర్ మీద కొంచెం ఖర్చు పెట్టండి. ముందు గేర్ షిఫ్టర్ లేని సైకిల్ అయితే ఎడమ చేతి వైపు హ్యాండిల్ కింద, షిఫ్టర్ ఉండే చోట పెట్టే రకం తీసుకోండి. బేరింగ్ ఉన్న మంచి లివర్‌తో మామూలు పోస్ట్ కూడా మెత్తగా పనిచేస్తుంది. కేబుల్ గుండు పోస్ట్ వైపు ఉండి, బిగించేది లివర్ వైపు ఉంటే ఇంకా సుఖం. సర్దుబాటుకు పోస్ట్ బయటికి తీయక్కర్లేదు.

వైర్‌లెస్ గురించి కూడా అడుగుతారేమో. రాక్‌షాక్స్ వైర్‌లెస్ పోస్ట్ రివర్బ్ ఏఎక్స్ఎస్ బిగించడం అన్నిటికంటే తేలిక, కేబుల్ గొడవే లేదు. ఫ్రేమ్‌లో కేబుల్ దారి లేనివాళ్లకు అది నిజంగా వరం. నా వరకు, చార్జ్ చేయాల్సిన వస్తువులు ఇంట్లో ఇప్పటికే ఎక్కువ.

పెట్టుకున్నాక చేయాల్సింది పెద్దగా లేదు. బురదలో తిరిగొస్తే మెరిసే గొట్టాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. కాలర్ మీదికి ప్రెజర్ వాషర్ నీళ్లు కొట్టకండి. కొన్ని నెలలకోసారి కాలర్ విప్పి, లోపలి మురికి తుడిచి, పలచగా గ్రీజు రాసి మూయండి. వర్క్ స్టాండ్‌లో బిగించేటప్పుడు ఎప్పుడూ మెరిసే గొట్టాన్ని పట్టించకండి, చిన్న గీత పడినా సీలు అరిగిపోతుంది. పోస్ట్‌ను కాస్త పైకి తీసి బయటి గొట్టం దగ్గర పట్టించండి. సైకిల్ చాలాకాలం వాడకపోతే సీటు పైకి లేపే ఉంచండి.

మీ విషయానికొస్తే, రెండో పోస్ట్‌కు ముందు క్లాంప్, ఆ తర్వాత కేబుల్ చూడండి. బాగైతే కొత్తది కొనే పనే లేదు. మొదటిదానికి వారంటీ ఉందేమో చూడండి. లేకపోతే మోడల్ నంబర్‌తో కార్ట్రిడ్జ్ వెతకండి, దొరికితే అది మీకు స్పేర్ అవుతుంది. ఇవేవీ కుదరక కొనాల్సే వస్తే పైన చెప్పిన రెండు కొలతలు, మీ బరువు ఇక్కడ రాయండి, ఏ ట్రావెల్ పడుతుందో లెక్క వేసి చెప్తాను.