వరద నీళ్లొచ్చిన ఇల్లు అమ్ముతున్నాం, కొనేవాళ్లకు చెప్పాలా?

ప్రశ్న: నెల్లూరు వెంకటేశ్వరపురంలో మా నాన్న సొంత సంపాదనతో స్థలం కొని కట్టిన ఇల్లుంది. ఆయన వీలునామా రాయకుండానే చనిపోయారు. అమ్మ, నేను, చెల్లెలు ఉన్నాం. చెల్లెలికి పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు హాల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇప్పుడు పెయింట్ వేయించి అమ్మకానికి పెట్టాం. వరద సంగతి ఎత్తొద్దని, అగ్రిమెంట్‌లో ‘ఉన్నది ఉన్నట్టు’ అని రాసుకుంటే చాలని బ్రోకర్ అంటున్నాడు. మేడ మీద ఒక గది ప్లాన్‌లో లేకుండా వేశాం. ఇంటి మీద బ్యాంకు లోను ఇంకా కొంత ఉంది. ఏమేం చెప్పాలి, ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వరద సంగతి చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకుండా అగ్రిమెంట్‌లో రాయించండి కూడా. రేపు గొడవైతే బ్రోకర్ ఉండడు, కోర్టు నోటీసు మీ పేరు మీదే వస్తుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఆస్తిలో గానీ, దాని మీద మీకున్న హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది మీకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే మీరే బయటపెట్టాలి. బయటపెట్టకపోతే దాన్ని మోసంగానే చూడాలని అదే సెక్షన్ చెబుతోంది. పగిలిన కిటికీ, కారే కుళాయి లాంటివి ఎవరైనా చూసి తెలుసుకోగలరు, వాటితో మీకు పేచీ లేదు. వరద అలా కాదు. పిల్లల చదువుల కోసం ఉదయగిరి వైపు నుంచి నెల్లూరొచ్చే కుటుంబానికి ఏ వీధిలో ఎంత నీళ్లొచ్చాయో ఎలా తెలుస్తుంది? ఊళ్లోవాళ్లకైనా పేటలోకి నీళ్లొచ్చాయని తెలుస్తుంది గానీ మీ హాల్లో ఎంత లోతున నిలిచాయో తెలియదు.

నీళ్లు నిలిచిన గీత మీద పుట్టీ పెట్టి పెయింట్ కొట్టించడం మరమ్మతే, అందులో తప్పు లేదు. కానీ ‘నీళ్లొచ్చాయా’ అని అడిగితే ‘రాలేదు’ అన్నారంటే కేసు చేజేతులా ఇచ్చినట్టే. నిజం దాగదు కూడా. దర్వాజా కింది చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది, గోడ అడుగున ఉప్పు తేలి సున్నం పొడిగా రాలుతుంది. పక్కింటివాళ్లను ఒక్క మాట అడిగితే మొత్తం కథ చెబుతారు. అప్పుడు కొన్నవాళ్లు అమ్మకం రద్దు చేయమనవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట మామూలు లోపాలకు పనికొస్తుంది, తెలిసి దాచినదానికి అడ్డం రాదు.

అగ్రిమెంట్‌లో ఇలా రాయించండి: “2021 నవంబరు వరదలో గ్రౌండ్ ఫ్లోర్‌లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. ఫలానా మరమ్మతులు చేయించాము. ఈ విషయం తెలుసుకుని, ఇల్లు చూసుకుని కొనుగోలుదారు ఈ ధరకు ఒప్పుకున్నారు.” వరద తర్వాత చేయించిన పనుల బిల్లులుంటే జిరాక్సులు జత చేయండి. ధర కొంత తగ్గమని అడుగుతారు, నిజమే. ఏళ్లతరబడి కోర్టు చుట్టూ తిరగడం కన్నా అది చాలా తక్కువ ఖర్చు.

వరద కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ చెల్లెలి సంగతి. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదని చాలా ఇళ్లలో అనుకుంటారు. చట్టం అలా అనదు. మీరు హిందువులైతే, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో అమ్మకు, మీకు, చెల్లెలికి సమాన వాటాలు. మీ నాయనమ్మ గారు ఆయన పోయేనాటికి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. కాబట్టి చెల్లెలు అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం చేయాలి, లేదా తన వాటా వదులుకుంటున్నట్టు ముందే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. ఫోన్లో ‘నాకేం వద్దన్నయ్యా’ అన్నా అది చెల్లదు. ముందు ఆమెతో కూర్చుని మనసు విప్పి మాట్లాడండి, ఆ తర్వాతే అడ్వాన్సు తీసుకోండి.

మేడ మీద గది గురించి దాచకండి. ఆమోదం పొందిన ప్లాన్ కాపీ చేతికిచ్చి, గది అందులో లేదని రాయండి. మున్సిపాలిటీలో రెగ్యులరైజ్ చేయించుకుని ఉంటే ఆ ప్రొసీడింగ్స్ జత చేయండి.

లోను విషయంలో బ్యాంకు నుంచి ఎంత బాకీ ఉందో లెటర్ తీసుకుని, ఆ మొత్తం ఎవరు, ఎప్పుడు కట్టాలో అగ్రిమెంట్‌లోనే తేల్చుకోండి. తీరాక ఒరిజినల్స్‌తో పాటు నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాన్ని రద్దు చేయించి, కొత్త ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తొలగిందో లేదో చూసుకోండి. దీనితో పాటు నాన్నగారి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు), డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టండి. అమ్మకం తేదీ వరకు ఇంటి పన్ను, నీటి పన్ను బాకీలు మీవే. ఆ రసీదులు, చివరి కరెంటు బిల్లు కూడా అందులో ఉండాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే సరిచూసుకోండి.

అడ్వాన్సు 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా పుచ్చుకోకండి. అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. చెక్కు ద్వారానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో తీసుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కడతారు, కాబట్టి అమ్మే ముగ్గురి పాన్ కార్డులూ సిద్ధంగా ఉంచండి. ఒరిజినల్ దస్తావేజులు మాత్రం పూర్తి డబ్బు మీ ఖాతాల్లో పడ్డాకే ఇవ్వండి. అప్పటిదాకా చూసుకోవడానికి జిరాక్సులు చాలు.