షెడ్డులో పడి ఉన్న షెవెల్‌ను కొనవచ్చునా?

ప్రశ్న: అమెరికా వచ్చి మూడేళ్లయింది. హెచ్‌-1బి వీసా మీద పనిచేస్తూ మిషిగన్‌లోని నోవైలో అపార్టుమెంటు అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకరికి తెలిసిన పెద్దావిడ పొలం షెడ్డులో, చనిపోయిన ఆవిడ భర్తదైన 1969 నాటి షెవ్రొలే షెవెల్ కారు పంతొమ్మిదేళ్లుగా కదలకుండా పడి ఉంది. ముందు ‘ఎస్‌ఎస్ 396’ (అంటే సూపర్ స్పోర్ట్, 396 ఘనపుటంగుళాల ఇంజన్) అనే బిళ్ల ఉంది. ఇంజన్ బిగుసుకుపోయింది. ఆవిడ 18,000 డాలర్లు అడుగుతున్నారు. చిన్నప్పటి నుంచి ఇలాంటి కారు మీద మోజు. కొనవచ్చునా? కొంటే ఎలా చూసుకోవాలి?

జవాబు: కొనవచ్చు. అయితే మీరు దిగులుపడుతున్న ఇంజన్ సంగతి నా లెక్కలో ఆఖరున వస్తుంది. బిగుసుకుపోయిన షెవ్రొలే వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ను విప్పి బాగుచేయగల మేస్త్రీలు డెట్రాయిట్ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, దాని విడిభాగాలు కొత్తవి దొరుకుతాయి. ఆ కారు కింద గట్టి ఇనుము ఎంత మిగిలిందో, దాని కాగితం ఎవరి పేరున ఉందో తేలనంతవరకు మాత్రం బయానా పేరిట ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

ఇలాంటి కార్లు షెడ్ల పాలు ఎందుకయ్యాయో కొంచెం తెలిస్తే బేరానికి పనికొస్తుంది. 1964లో పాంటియాక్ కంపెనీ తన మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల, అంటే సుమారు 6.4 లీటర్ల ఇంజన్ పెట్టి జీటీవో అనే పేరుతో అమ్మడంతో ఈ మజిల్ కార్ల, అంటే మధ్యరకం బాడీలో పెద్ద ఇంజన్ పెట్టిన కార్ల సంబరం ఊపందుకుంది. 1970లో షెవెల్‌కే 454 ఘనపుటంగుళాల ఇంజన్‌తో 450 హార్స్‌పవర్ వరకు ఇచ్చారు. ఆ వెంటనే కుర్రవాళ్ల మీద ఇన్సూరెన్సు ప్రీమియంలు మండిపోయాయి, పొగ కాలుష్యపు నియమాలు వచ్చాయి, 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. తాగుడు ఎక్కువైన ఈ బండ్లను జనం కారుచౌకగా అమ్ముకున్నారు, లేదా ‘ఎప్పుడో బాగుచేసుకుందాం’ అని మూలన పెట్టారు. మీరు చూసిన కారు చాలాకాలం తిరిగాక ఆ రెండో కోవలో చేరి ఉంటుంది. మూలన పెట్టక ముందు అది ఎన్ని చలికాలాలు రోడ్ల మీద తిరిగిందన్నది ఆవిడను అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మిషిగన్ రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కారును కింది నుంచి తినేస్తుంది. ఆరిజోనా ఎండకు సీట్లు పగిలి, రంగు వెలిసి, చూడటానికి దీనంగా ఉన్న కారు అడుగున మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఇక్కడి కారు తరచుగా దానికి తలకిందులు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. 2008లో 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి కొన్నాను. మస్టాంగ్‌ను మజిల్ కారు అనకూడదని, అది పోనీ కారు, అంటే అంతకన్నా చిన్నదైన స్పోర్ట్స్ తరహా కారు అని ఇక్కడి పెద్దలు పట్టుబడతారు; ఆ తగవులోకి నేను వెళ్లను. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది, రంగు అద్దంలా మెరిసింది, ఆ శబ్దానికి ఒళ్లు మరచిపోయి అడిగిన 9,000 డాలర్లు ఇచ్చేశాను. మొదటి వానకే నా ఎడమ కాలి బూటు తడిసింది. ముందు అద్దం కింద, బానెట్ అంచుకు దగ్గరగా, లోపలికి గాలి పోవడానికి సన్నని చీలికలు ఉంటాయి. వాటి కింద రెండు పొరల రేకు మధ్య నలభై ఏళ్ల ఆకులు కుళ్లి, నీరు నిలిచి, రేకు జల్లెడైపోయింది. దాన్ని మార్చాలంటే ముందు చక్రాల మీది రెక్కలు (ఫెండర్లు) విప్పి, వందకు పైగా స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటిగా తొలిచి, పై పొరను లేపాలి. ఆ ఒక్క పనికే కారు ఖరీదులో ముప్పావు వంతు అయింది. చూడటానికి వెళ్లిన రోజున ఒక సీసాడు నీళ్లు ఆ చీలికల్లో పోసి, డాష్‌బోర్డు కింద తలపెట్టి టార్చి వేసి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

షెవెల్‌కు మస్టాంగ్‌లా కాకుండా బాడీ వేరు, కింద ఛాసిస్ వేరు. అందువల్ల తుప్పు వెతకవలసిన చోట్లు కూడా వేరు. వెనుక అద్దం కింది మూలల దగ్గర నీరు నిలిచి డిక్కీలోకి కారుతుంది. డిక్కీలోని చాపను పూర్తిగా లేపి చూడండి. పైకప్పు మీద వినైల్ అతికించిన కారైతే, ఆ గుడ్డ కింద బుడగలు తేలాయేమో అరచేత్తో తడిమి చూడండి. వెనుక చక్రాల దగ్గర ఛాసిస్ పట్టీలను, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బరు దిమ్మల చుట్టుపక్కలను చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము గంటలా పలుకుతుంది, పుచ్చినది తడి గోడలా ‘దబ్’ మంటుంది, సుత్తి కొస దిగబడినా ఆశ్చర్యపోవద్దు.

మా నాన్నగారితో విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినప్పుడల్లా అక్కడి టింకరింగ్ మేస్త్రి ఏ కారు వచ్చినా ముందుగా వేళ్ల కణుపులతో డోర్ల కింది అంచులను కొట్టి వినేవాడు. పుట్టీ ఎక్కడ పెట్టారో, ఎంత మందాన పెట్టారో ఆ చప్పుడులోనే చెప్పేసేవాడు. మనకు ఆ చెవి లేదు కాబట్టి ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తీసుకువెళ్లండి. వెనుక చక్రం మీది వంపు నుంచి కిందికి మెల్లగా జార్చండి. పైన గట్టిగా అంటుకున్నది కిందికి వచ్చేసరికి పట్టు సడలి, ఒకచోట ఊడి అరచేతిలో పడుతుంది. అక్కడ రేకు లేదు, లేదా రేకు మీద అరంగుళం పుట్టీ ఉంది. ఏ చోట ఊడిందో ఫోటో తీసుకోండి. బేరంలో మాటకన్నా అది బాగా పనిచేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. భర్త జ్ఞాపకంగా దాచిన కారును అమ్ముకుంటున్న పెద్దావిడ ముందు ఆ కారును తీసిపారేసినట్లు మాట్లాడితే బేరం కుదరదు సరికదా, అది మర్యాద కూడా కాదు.

ఇక ఆ బిళ్ల సంగతి. 18,000 డాలర్లలో చాలా భాగం దానికే పడుతున్నదని నా అనుమానం. బిళ్లలు కొత్తవి ఎక్కడైనా దొరుకుతాయి. 1969లో ఎస్‌ఎస్ 396 అనేది ప్రత్యేకమైన మోడల్ కాదు, అదనంగా కొనుక్కునే ప్యాకేజీ మాత్రమే. కాబట్టి కారు నంబరులో అది కనబడదు. పదిహేడు అక్షరాల నంబరు 1981 నుంచి వచ్చింది. మీ కారుకు పదమూడే ఉంటాయి, డ్రైవరు వైపు ముందు అద్దంలోంచి డాష్‌బోర్డు మీద చదవవచ్చు. ఆ నంబరు 136తో మొదలైతే అది మాలిబు (షెవెల్‌లోనే ఒక రకం) వి8గా పుట్టింది, అంతవరకే తెలుస్తుంది. 135తో మొదలైతే ఆరు సిలిండర్లతో పుట్టింది కనుక ఎస్‌ఎస్ బిళ్ల ఎవరో తరువాత బిగించినదే. ఆ నంబరు పలకను పట్టి ఉంచే రివెట్లు ఆరు రేకుల పువ్వు ఆకారంలో ఉండాలి. మామూలు గుండ్రటి రివెట్లు కనబడితే నమస్కారం చెప్పి వచ్చేయండి.

ఇంజన్ కుడివైపున, సిలిండర్ హెడ్‌కు ముందు, చదునుగా ఉన్న చిన్న చోట కొన్ని అంకెలు కొట్టి ఉంటాయి. గుడ్డతో గ్రీజు తుడిచి వాటిని, కారు నంబరులోని చివరి అంకెలతో సరిపోల్చండి. ఆ చోటును సానబట్టి కొత్త అంకెలు కొట్టే ఘనులు కూడా ఉన్నారు కనుక అదొక్కటే చాలదు. ఫ్యాక్టరీలో అంటించిన బిల్డ్ షీట్ (కారులో ఏమేం బిగించాలో రాసిన కాగితం) ఒక్కొక్కప్పుడు పెట్రోలు ట్యాంకు మీద చిక్కుకుని ఉంటుంది. అది దొరికితే అదృష్టం. దొరకకపోతే మామూలు మాలిబు ధరకు బేరమాడండి. నిజానికి మొదటిసారి కొనేవారికి బిళ్ల లేని మాలిబు మంచిది. దానికి వేరే ఇంజన్ వేసినా, డిస్కు బ్రేకులు వేసినా ‘అసలు రూపం చెడగొట్టావు’ అని ఎవరూ అనరు.

కాగితం విషయానికి వస్తే, మన ఆర్‌సీ లాంటిదే ఇక్కడి టైటిల్. అది చనిపోయిన భర్త పేరున ఉంటే, వారసురాలిగా ఆవిడ ఇవ్వవలసిన ధ్రువపత్రాన్ని ముందుగా పూర్తి చేయించండి. ఈ రాష్ట్రంలో బండ్ల పని చూసేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. ఆవిడతో కలిసి అక్కడికే వెళ్లి పేరు మార్పించుకోవడం అన్నిటికన్నా మేలు. కొన్న ధర మీద 6 శాతం పన్ను పడుతుంది. టైటిల్ లేదు, రసీదు రాసిస్తాను అంటే మాత్రం ఎంత చౌకైనా వద్దు. 26 ఏళ్లు నిండిన కారుకు హిస్టారిక్ ప్లేటు, అంటే పాత కార్లకిచ్చే నంబరు ప్లేటు తీసుకోవచ్చు, కానీ ఆ ప్లేటుతో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వీలులేదు. ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు వాడుకోవచ్చు. ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా తిరగనిస్తారు. ఆ నెల మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి జరుగుతున్న పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌ను మీరు ఈపాటికి చూసే ఉంటారు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు, కారు పోతే ఇంత ఇస్తామని ముందే ఒప్పుకుని రాసే పాలసీ అడగండి. వాళ్లు తాళం వేసే గ్యారేజీ, రోజువారీ వాడకానికి ఇంకో కారు, కొన్నేళ్ల డ్రైవింగ్ చరిత్ర అడుగుతారు. ఇండియాలో నడిపిన ఏళ్లను చాలామంది లెక్కలోకి తీసుకోరు.

అపార్టుమెంటులో ఉంటున్నానన్నారు. కదలని కారును పార్కింగులో పెడితే చాలాచోట్ల లాక్కుపోతారు, అక్కడ ఆయిల్ మార్చడానికి కూడా ఒప్పుకోరు. స్టోరేజి గదులు అద్దెకిచ్చేవారు కూడా లోపల రిపేరు చేయనివ్వరు. పని చేసుకోవడానికి ఒప్పుకునే స్నేహితుడి గ్యారేజీ దొరికాకే బేరానికి వెళ్లండి. మరొక సంగతి: హెచ్‌-1బి మీద ఉన్నవారు సరదాకు కారు బాగుచేసుకోవడంలో తప్పులేదు, కానీ కొని, బాగుచేసి, లాభానికి అమ్మడం ఒక అలవాటుగా మారితే అది అనుమతి లేని పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. అటువంటి ఆలోచన ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.

కారును ఫ్లాట్‌బెడ్ లారీ మీదే గ్యారేజీకి చేర్చండి, తాడు కట్టి లాగించవద్దు. ఉత్సాహం కొద్దీ బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడమే చాలామంది చేసే తప్పు. బిగుసుకున్న పిస్టన్ రింగులు అలాగే విరుగుతాయి. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల పలుచని నూనె పోసి, మూడు రోజులు వదిలేయండి. తరువాత ఇంజన్‌ను తిప్పే క్రాంక్ ముందున్న బోల్టుకు పొడవాటి పిడి ఉన్న సాకెట్ తగిలించి, వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కు ఆడించండి. కదలకపోతే మళ్లీ నూనె పోసి ఇంకో వారం ఆగండి. నా స్నేహితుడి కారుకు ఇరవై రెండు రోజులు పట్టింది, కదిలిన రోజున ‘టక్’ మన్న ఆ చిన్న చప్పుడుకు వాళ్లింట్లో పాయసం వండారు. ఇన్నేళ్ల పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని పూర్తిగా తీసేసి, ట్యాంకు శుభ్రం చేయించండి. ఇప్పటి పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కాబట్టి దానికి తట్టుకునే రబ్బరు గొట్టాలే వేయాలి. ఇంజన్ ఆయిల్ జింకు శాతం ఎక్కువగా ఉన్నది చూసి కొనండి. ఆనాటి క్యామ్‌షాఫ్టులు (వాల్వులను తెరిచే కడ్డీలు) అది లేకపోతే త్వరగా అరిగిపోతాయి.

కారు నడవక ముందే ఆగడం నేర్వాలి. చక్రాల సిలిండర్లు, బ్రేకు గొట్టాలు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయండి. పైకి బాగున్నా టైర్లను నమ్మవద్దు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. ఎలుకల గూళ్లుంటే చీపురుతో ఊడ్చవద్దు. మాస్కు పెట్టుకుని, బ్లీచింగు నీళ్లతో తడిపి తీయండి, హంటా వైరస్ ఆ పొడిలోంచే సోకుతుంది. ఉత్త జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, తప్పనిసరిగా స్టాండ్లు పెట్టండి. గ్యారేజీ తలుపు మూసి ఇంజన్ నడపకండి.

చలికాలానికి ముందు ట్యాంకు నిండుగా నింపి పెట్రోలు చెడకుండా స్టెబిలైజరు కలపండి, ఆయిల్ మార్చండి, బ్యాటరీకి మెయింటెయినరు (చార్జి తగ్గకుండా చూసే చిన్న చార్జరు) తగిలించండి, నీలం టార్పాలిన్ కాకుండా గాలి ఆడే గుడ్డ కవరు కప్పండి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం వల్ల మేలు లేదు. సైలెన్సర్‌లో, ఆయిల్‌లో తేమ చేరి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో ఇనుప పీచు కుక్కి, ‘గొట్టంలో పీచు ఉంది’ అని చీటీ రాసి స్టీరింగుకు కట్టండి. నేను ఒక ఏడాది ఆ చీటీ కట్టడం మరచిపోయి, ఏప్రిల్‌లో మస్టాంగ్ స్టార్ట్ కావడం లేదని కార్బురేటర్ మొత్తం విప్పి బల్ల మీద పరిచాను.