పేద పిలకాయలకు బొమ్మలు నేర్పాలంటే తిరుపతిలో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: మీ వీధి వెనకున్న కూలీల కాలనీలో పిల్లలకు ఆదివారాలు డ్రాయింగ్ నేర్పాలని ఉంది, పుస్తకాలకూ క్రేయాన్లకూ 5,000 రూపాయలు పక్కన పెట్టారు, ఇంకేం కావాలి అని.

ఆ ఐదువేలు ఇప్పుడే ఖర్చు పెట్టేయకండి. ఆరేళ్ల కిందట నేను చేసింది అదే. రేణిగుంట రోడ్డు పక్కనున్న ఒక కాలనీకి ఇరవై డ్రాయింగ్ పుస్తకాలు, ఇరవై క్రేయాన్ పెట్టెలు మోసుకెళ్లాను. పద్నాలుగు మంది పిలకాయలు వచ్చారు. గంటసేపు తల ఎత్తలేదు. తీరా చూస్తే అందరి బొమ్మా పేజీ మూలన, బొటనవేలంత. పెద్దగా వెయ్యమ్మా అంటే ఒక పాప "పేజీ అయిపోతాది గదక్కా" అంది. మరుసటి ఆదివారానికి సగం పుస్తకాలు తిరిగి రాలేదు. ఒకరింట్లో అన్న హోంవర్కుకు పోయింది, ఇంకొకరింట్లో పాల లెక్క రాసుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నోటుబుక్కు కొనడానికే వెనకాడే ఇంట్లో తెల్లకాగితం ఊరికే పడి ఉండదు.

పేజీ అయిపోతాదన్న ఆ పాప ఇంటి ముందు నుంచే ఒక పొద్దున వెళ్తుంటే మెలికల ముగ్గు కనిపించింది. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. ఎవరేశారంటే తనే. తొమ్మిదేళ్ల పిల్ల! ఎక్కడా చెయ్యి తడబడలేదు, గీత తెగలేదు. వీధి సగం ఆక్రమించిన ఆ ముగ్గు వేసిన చెయ్యే నా కాగితం మీద బొటనవేలంత బొమ్మ వేసింది. ఆ రోజు నుంచి పుస్తకాలు మూట కట్టేసి నేల మీదికి దిగాం. ముగ్గుపిండి, సుద్దముక్కలు, ఇటుక ముక్కలు, బొగ్గు. చెరిపేయొచ్చు, మళ్లీ వేయొచ్చు, ఎవరి సొమ్మూ పోదు. మగపిల్లలు మొదట "ముగ్గులు ఆడోళ్ల పని" అని నవ్వారు. చుక్కలు పెట్టి తిరుమల ఘాట్ రోడ్డెక్కే బస్సు వెయ్యండి చూద్దాం అన్నాక నవ్వు ఆగింది. కాగితం మూడు నెలల తర్వాత ఇచ్చాను. అప్పుడు అంచులు దాటి వేశారు.

వేళ సంగతి. పిల్లలు రాకపోతే ఇష్టం లేదనుకోవద్దు. మన ఊళ్లో శనివారం, ఆదివారం అంటే వ్యాపారం. అమ్మ పూలు కడుతుంటే పిల్ల మాల అందించాలి, టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడగాలి. పెరటాసి నెల (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) శనివారాల్లో, బ్రహ్మోత్సవాల రోజుల్లో నా తరగతికి ఇద్దరొస్తే గొప్ప. నేను చివరికి బుధవారం సాయంత్రం ఐదున్నరకు మార్చాను. చంకలో తమ్ముణ్ణి వేసుకొచ్చే పిల్లను వెనక్కి పంపకండి, పంపితే ఆమె మళ్లీ రాదు. స్థలానికి ప్రభుత్వ బడి వరండా మేలు. హెడ్మాస్టర్ గారిని వెళ్లి అడగండి. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటిన బడికి చిత్రకళ నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. మా కాలనీ పిల్లలు చదివే బడిలో లేరు. మీ దగ్గర ఉంటే ముందు ఆయన్ను కలవండి, మీకన్నా ఆయనకు ఎక్కువ తెలుసు.

ఇక డబ్బు నిజంగా పెట్టాల్సిన చోటు. శ్రీకాళహస్తి మనకు నలభై కిలోమీటర్లు కూడా లేదు, బస్సులో గంట పైచిలుకు. పెద్ద పిల్లల్ని ఆరుగురిని తీసుకెళ్లి కలంకారీ వేసే ఇంటి అరుగు మీద ఒక పూట కూర్చోబెట్టాను. వెదురు పుల్లకు ఉన్ని దారం చుట్టిన కలం, చింతబరికెల బొగ్గుతో తొలి గీత, కరక్కాయ నీళ్లూ పాలూ కలిపి ముంచి ఎండబెట్టిన గుడ్డ. అంగడిలో కొన్న రంగు ఒక్కటీ లేదు. వచ్చాక మేమూ కసిమి, అంటే కలంకారీ నల్లరంగు, పెట్టాం: వెల్డింగ్ షాపు వాళ్లు పారేసిన తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ప్లాస్టిక్ డబ్బాకు మూత గట్టిగా బిగించాను. బెల్లం పులిస్తే గాలి పుడుతుందని అప్పుడు తట్టలేదు. ఐదో రోజు మూత ఎగిరిపోయి బడి గోడంతా తుప్పునీళ్లు. హెడ్మాస్టర్ గారు సున్నం డబ్బులు అడగలేదు గానీ ఆ వాసన మాత్రం నెలపాటు గుర్తు చేశారు. గుడ్డ కట్టి వదిలేయండి, రోజూ కర్రతో కలపండి, రెండు మూడు వారాలు పడుతుంది. చూడ్డానికి మురికినీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీత గీస్తే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపవుతుంది, పాలు గీత పాకకుండా ఆపుతాయి. సైన్సు పాఠం విడిగా చెప్పనక్కర్లేకపోయింది. కరక్కాయలు నాటు మందుల అంగడిలో దొరుకుతాయి. మొత్తం కలిపి నాకు 1,100 అయింది, బస్సు ఛార్జీలు కాక.

ఒక్క జాగ్రత్త. ఒకసారి ఒక సంస్థ వాళ్లు వచ్చి పోటీ పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు, "ప్రదర్శనకు" అని బొమ్మలన్నీ పట్టుకెళ్లారు. ఒక్కటీ తిరిగి రాలేదు. పిల్లలు రెండు నెలలు అడిగారు. ఇప్పుడు బొమ్మ ఎవరిదైతే వాళ్లింటికే పోతుంది. గోడకు అతికిస్తారో, డబ్బా అడుగున పరుస్తారో వాళ్ల ఇష్టం.

పదో తరగతి అయినవాళ్లు ముందుకు పోతానంటే టీటీడీ వాళ్ల సంప్రదాయ శిల్పకళా సంస్థ మన తిరుపతిలోనే ఉంది. రాతి శిల్పం, చెక్క పని, చిత్రలేఖనంతో పాటు కలంకారీ కూడా నేర్పుతారు. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలూ ఉన్నాయి. నా దగ్గరున్న ముగ్గు పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఆమె నోట ఇంకా నర్సింగ్ మాటే వస్తోంది, నేనేమీ అనలేదు.

మొదటి రోజుకు ముగ్గుపిండి రెండు కిలోలు ఎక్కువే తెచ్చుకోండి. చిన్నవాళ్లు సగం ఒకరి తల మీద ఒకరు పోసుకుంటారు.