థీసిస్‌లో విశేషణాలు తీసేస్తే నిష్పాక్షికత వచ్చేస్తుందా?

తెలుగు సాహిత్యం మీద పీహెచ్‌డీ రాస్తున్నారు, గైడ్ "ఆవేశం తగ్గించండి" అన్నారు, విశేషణాలు కొట్టేస్తే చాలా అని అడిగారు. చాలదు. అవి పోయినా మీ ఇష్టాయిష్టాలు క్రియల్లో, చిన్న చిన్న ప్రత్యయాల్లో దాక్కుంటాయి.

"నన్నయ అరణ్యపర్వంలో కొంత భాగం రాశాడు" అన్నది సమాచారం. "కొంత భాగమే రాశాడు" అనగానే అయ్యో, అంతేనా అన్న వెలితి వచ్చేసింది. "కొంత భాగం రాయగలిగాడు" అంటే అడ్డంకులున్నా ఇంత చేశాడన్న సానుభూతి. మూడింటిలోనూ మెచ్చుకునే విశేషణం ఒక్కటీ లేదు.

భాషాశాస్త్రవేత్తలు మార్టిన్, వైట్ 2005లో వివరించిన అప్రైజల్ (మాటల్లో మన అంచనా ఎలా బయటపడుతుందో చూసే) పద్ధతి దీన్ని మూడు పాయలుగా చూస్తుంది: మన వైఖరి, ఇతరుల మాటకు మనమిచ్చే చోటు, తీవ్రత. థీసిస్‌లో ఎక్కువగా దొరికిపోయేది రెండోదాంట్లోనే. "అన్నారు", "పేర్కొన్నారు" అంటే మీరు పక్కన నిలబడ్డట్టు. "గుర్తించారు", "నిరూపించారు" అంటే ఆ మాట నిజమని మీరూ సంతకం పెట్టినట్టే. రెండు పేజీల తర్వాత దాన్నే ఖండిస్తే వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) పట్టుకుంటారు. "భ్రమపడ్డారు" అంటే తీర్పు ముందే ఇచ్చేశారు. "సెలవిచ్చారు" ఈ కాలంలో వెక్కిరింతే. "అట" కూడా అంతే: మాటల్లో విన్న సంగతిని చెబుతుంది, థీసిస్‌లో మూలాన్ని ఎగతాళి చేస్తుంది.

గౌరవవాచకాలు మరో గొయ్యి. నన్నయ, తిక్కనలకు "రాశాడు", ఆధునికులకు "రాశారు" అనడం మామూలే. కానీ నచ్చిన విమర్శకుడు "అన్నారు", నచ్చనివాడు "అన్నాడు" అయిపోతుంటారు, రాసేవాళ్లకే తెలియకుండా.

అధ్యాయం పూర్తయ్యాక వర్డ్‌లో "ఎంతో", "అద్భుత", "హృద్య", "కళ్లకు కట్టిన" అని వెతకండి. (అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే ఏదీ దొరకదు.) దొరికిన చోటల్లా ఆ మాట తీసేసి, అలా అనిపించడానికి కారణమైన పదమో విరుపో పద్యంలోంచి చూపించండి. పాఠకుడికి ఆ అనుభూతి దాన్నుంచే కలగాలి. చూపించడానికేమీ లేకపోతే వాక్యమే పోవాలి.

"పరిశీలించబడింది" జోలికి మాత్రం వెళ్లకండి. దాంతో నిష్పాక్షికత రాదు, కర్త మాయమవుతాడంతే. "పరిశీలించాను" అనండి, గైడ్ ఒప్పుకోకపోతే "పరిశీలిస్తే తెలుస్తుంది" అని సర్దుకోవచ్చు.