ఐ5-13400లో 10 కోర్లు, రైజెన్ 5 7600లో 6 కోర్లు: ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంటెల్ కోర్ ఐ5-13400, ఏఎండీ రైజెన్ 5 7600 అనే రెండు ప్రాసెసర్లు దాదాపు ఒకే ధరలో దొరుకుతున్నాయి. రోజూ గేములు, వారాంతంలో వీడియో ఎడిటింగ్. పాత కంప్యూటర్‌లోని 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంది. ఒకదానిలో 10 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఇంకోదానిలో 6 కాబట్టి ఇంటెలే మేలు కదా అని.

ఈ రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. నాది 7600, మా తమ్ముడిది 13400. రెండూ నేనే బిగించాను, ఏడాదికి పైగా రెండింటిమీదా పని చేశాను. మీరు కోర్ల లెక్క దగ్గర ఆగిపోవడం చూసి రాయాలనిపించింది, ఎందుకంటే కొనేముందు నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను.

ఆ 10 కోర్లూ ఒకే రకం కావు. ఆరు పెద్దవి, నాలుగు చిన్నవి. బండిని ఆరుగురు లాగుతుంటే నలుగురు వెనక నుంచి తోస్తున్నట్టు అనుకోండి. పెద్ద కోరు ఒక్కోటి రెండు థ్రెడ్లు (ఒకేసారి సాగే పనులు) నడుపుతుంది, చిన్నది ఒక్కటే, మొత్తం 16. రైజెన్‌లో ఆరూ పెద్దవే, 12 థ్రెడ్లు. అయితే ఆ ఆరూ 5.1 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తాయి, ఇంటెల్ పెద్ద కోర్లు 4.6 దగ్గర ఆగుతాయి. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన జ్ఞాపకం) రైజెన్‌లో 32 ఎంబీ, ఇంటెల్‌లో 20 ఎంబీ. గేములకు ఎక్కువగా కావాల్సింది కొద్ది కోర్ల వేగం, దగ్గరలో పెద్ద క్యాష్. ఇంకో సంగతి, 13400 పేరుకు 13వ తరందే గానీ పెద్ద కోర్ల ఎల్2 క్యాష్ (కోరుకు ఇంకా దగ్గరగా ఉండే చిన్న క్యాష్) 12వ తరంలో ఉన్నంతే, ఒక్కోదానికి 1.25 ఎంబీ. అదే తరంలోని పై రకం చిప్ 13600కేలో అది 2 ఎంబీ. పేరులోని మొదటి అంకెలు చూసి రెండూ ఒకే వంశం అనుకోకండి.

గేముల్లో తేడా ఎంతో తెలుసుకోవాలని నా గ్రాఫిక్స్ కార్డునే రెండింటిలోనూ మార్చి మార్చి పెట్టి చూశాను. 1080పీ (తక్కువ రిజల్యూషన్)లో సెట్టింగులు తగ్గించి ఆడితే 7600 స్పష్టంగా ముందుంది, ముఖ్యంగా తెరమీద జనం, పేలుళ్లు ఎక్కువైనప్పుడు. తమ్ముడి దాంట్లో పాత తరం ర్యామ్ డీడీఆర్4, నాదాంట్లో కొత్త తరం డీడీఆర్5 ఉండటం వల్ల కూడా ఆ తేడా కొంత పెరిగి ఉంటుంది. అదే 1440పీలో సెట్టింగులు పెంచేసరికి నాకు తేడా తెలియలేదు. అక్కడ భారమంతా గ్రాఫిక్స్ కార్డుదే. అంటే మీ కార్డు మధ్యరకందైతే ప్రాసెసర్ గురించి ఇంత టెన్షన్ పడక్కర్లేదు, మిగిలే డబ్బు కార్డు మీద పెట్టండి.

ఎడిటింగ్ కథ వేరు. అన్ని కోర్లూ పనిచేసే రెండర్‌లో (పూర్తైన వీడియోను ఫైలుగా తయారు చేయడంలో) 13400 కొంచెం ముందుంటుంది, కానీ దానికి విద్యుత్ సరిగా అందాలి. బాక్స్ మీద రెండింటికీ 65 వాట్లనే ఉంటుంది. నిజానికి 13400 148 వాట్ల దాకా లాగగలదు. ఇంటెల్ పెట్టిన లెక్క ప్రకారం అది సుమారు 28 సెకన్లే, తర్వాత 65కి దిగుతుంది. ఈ పరిమితిని చాలా మదర్‌బోర్డులు పెంచుతాయి, కొన్ని పెంచవు. పెంచినా, చవక బోర్డుల్లో ప్రాసెసర్‌కు విద్యుత్ అందించే భాగానికి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) ఉండదు. తమ్ముడికి మేం తీసుకున్నది అలాంటి బోర్డే. రెండర్ జోరుగా మొదలయ్యేది, కాసేపటికి నీరసపడిపోయేది. సాఫ్ట్‌వేర్ లోపమనుకుని రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. చివరికి చూస్తే వేడి. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) పరిమితిని 100 వాట్లకు తగ్గించి, ఆ భాగం మీదికి గాలి వెళ్లేలా ఒక ఫ్యాన్ పెట్టాక కుదురుకుంది. 7600 పరిమితి 88 వాట్లే కాబట్టి నాకా బాధ రాలేదు.

రైజెన్ వైపు నాకు ఎదురైన భయం ఒకటుంది, ముందే చెబుతాను. మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గుండె ఆగినంత పనైంది. ప్లగ్ పీకబోయి ఆగాను. కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే వచ్చింది. డీడీఆర్5 ర్యామ్‌ను మొదటిసారి సరిచూసుకోవడానికి ఈ రైజెన్, బోర్డు జతకు అంత సమయం పడుతుంది. మీరూ ఓపిక పట్టండి, మధ్యలో ఆపకండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయడం మరవకండి. నేను మరిచాను. 6000 వేగం ఉన్న ర్యామ్ కొని రెండు వారాలు 4800 మీద నడిపాను.

ఇక డబ్బు విలువ. ప్రాసెసర్ ధర ఒక్కటీ చూస్తే లెక్క తప్పుతుంది. బోర్డు, ర్యామ్ కలిపి చూడండి. 7600కు డీడీఆర్5 తప్ప గత్యంతరం లేదు. 13400కు డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, తమ్ముడికి అక్కడే బాగా కలిసొచ్చింది, ఎందుకంటే వాడి దగ్గర అప్పటికే 32 జీబీ ఉంది. మీ దగ్గరున్నది 16. ఎడిటింగ్‌కు అది చాలదు, ఎలాగూ మరో 16 కొనాలి. ఇక ముందుకు వెళ్లని డీడీఆర్4 మీద కొత్తగా డబ్బు పెట్టడానికి నాకైతే మనసొప్పదు.

సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సంగతీ అంతే. 13400 కూర్చునే ఎల్‌జీఏ1700 ప్రయాణం 14వ తరంతో ముగిసింది, 2024లో ఇంటెల్ కొత్త డెస్క్‌టాప్ చిప్‌లకు ఎల్‌జీఏ1851కి మారింది. 7600 కూర్చునే ఏఎం5లోకి అదే ఏడాది రైజెన్ 9000 చిప్‌లు వచ్చాయి, బయోస్ అప్‌డేట్ చేస్తే పాత బోర్డులోనే పనిచేస్తాయి. 2027 దాకా, ఆ తర్వాత కూడా దీన్ని కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకుని సరిపెట్టుకోవచ్చన్న ధైర్యమే నన్ను అటు నడిపించింది.

కాబట్టి మీరు చెప్పినంతవరకు నా మాట 7600. నా మాట మారాలంటే ఒక్క కారణం ఉంది. మీ కెమెరా హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లో 10-బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే పద్ధతి) రికార్డు చేస్తే, ఆ ఫైళ్లను ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ నేరుగా చదవగలదు, 7600లోనిది చదవలేదు. టైమ్‌లైన్ మీద ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఆ తేడా రెండర్ సమయం కంటే ఎక్కువ విసిగిస్తుంది. అలాంటప్పుడు 13400 తీసుకోండి, చివర ఎఫ్ లేనిదే సుమా, 13400ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండదు. మీది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డైతే మాత్రం ఆ పని కార్డే చేసేస్తుంది, అప్పుడు మళ్లీ 7600కే వస్తాను. ఒకసారి కెమెరా మెనూలో 4:2:2 ఉందో 4:2:0 ఉందో, మీ గ్రాఫిక్స్ కార్డు ఏదో చూసి చెప్పండి.